రెప్పఛాయ



శకటరేఫ గురించీ అరసున్న గురించీ తీరికగా వాదించుకొనే ఈ పుటలో ఈసారి ఐషాడో గురించి వ్రాయబోతున్నాను. నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. ముప్పయ్యారేళ్ళు బడిలో తెలుగు చెప్పి, అరవై ఎనిమిదో ఏట కనురెప్పల రంగు మీద గట్టి అభిప్రాయాలు ఏర్పరచుకొన్న మనిషిని తలచుకొంటే నాకే నవ్వు వస్తోంది. కాని అభిప్రాయాలు మాత్రం నిజంగానే గట్టివి. రోజూ పెట్టుకోవడానికి ఒక ఆడపిల్లకు నాలుగు రంగులు చాలు. ఆ నాలుగూ ఆమె రెప్పను చూసి ఎంచినవి కావాలి గాని దుకాణంలోని అద్దాల బీరువాను చూసి ఎంచినవి కాకూడదు. వాటికి ఆమె నోటికి వచ్చే పేర్లు ఉండాలి. ఇదీ నా వాదం. ఈ చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకంటే, దాని వెనుక నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది కూడా చెబుతాను, కొంచెం ఆగండి.

ఉద్యోగ విరమణ తరువాత ఫిలింనగర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఈ గుట్టల మీద నివసించేవారికి ముఖాలకు రంగు వేయడమన్నది పుస్తకాలలో చదువుకొనే సంగతి కాదు. ఒక వైపు ఫిల్మ్ చాంబరు, ఇంకో వైపు రామానాయుడు స్టూడియో, కొంత దూరం పోతే అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియో. తెల్లవారుజామున కృష్ణానగర్ వైపు వెళితే షూటింగు బండ్ల కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తారు. వారిలో కొందరి చెవుల వెనుక నిన్నటి రంగు ఇంకా పోయి ఉండదు. జూబిలీహిల్స్ బంగళాల నీడలోనే బస్తీలున్నాయి. ఆ బస్తీల పిల్లలు కూడా రోడ్డు పక్క పెద్ద పెద్ద బొమ్మలలో నాయికల కళ్ళను చూస్తూనే బడికి వెళతారు. ఆ కళ్ళ మీద ఎన్ని పొరల రంగు ఉన్నదో వారికి ఎవరూ చెప్పరు.

మా మనుమరాలికి ఇరవై రెండేళ్ళు. నిరుడు మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరింది. చామనఛాయ పిల్ల, వాళ్ళ తాతగారి రంగు. మొదటి జీతం రాగానే ఒక పెద్ద డబ్బా కొనుక్కొని వచ్చింది. మూత తీస్తే నలభై రంగులు, వరుసలు వరుసలుగా, నోట్సులు దిద్దేటప్పుడు పిల్లల తలలు కనబడ్డట్టు. ఆరు నెలలు గడిచాక చూశాను. రెండు గిన్నెలలో మాత్రం మధ్య గుంట పడింది, తక్కినవన్నీ అంటని దీక్షలో ఉన్నాయి. మొదటి వరుసలో, మొదటి గిన్నె కింద, 'స్కిన్' అని పేరు. అది కొబ్బరి కోరు రంగు.

"ఇది ఎవరి చర్మం అమ్మమ్మా?" అన్నది పిల్ల, ముంజేయి దాని పక్కన పెట్టి చూపిస్తూ.

నేను తడుముకొన్నాను. మా ఇంట్లో ఎవరిదీ కాదు. మా వీథిలో కూడా ఎవరిదీ కాదేమో.

ముందుగా మాట గురించి నాలుగు మాటలు. ఈ వృత్తిదోషం నన్ను వదలదు, మీరూ నన్ను మన్నిస్తూనే ఉన్నారు. ఐషాడో అన్న మాటకు తెలుగు చేయమంటే ఎవరైనా 'కంటినీడ' అంటారు, ఆ మాట వినగానే నిద్ర లేనివాడి కళ్ళ కింది నలుపు గుర్తుకు వస్తుంది. కాని మన దగ్గర 'ఛాయ' ఉన్నది. ఛాయ అంటే నీడ. ఛాయ అంటే ఒంటి రంగు. ఛాయ అంటే కాంతి కూడాను. వెలుగుకూ నీడకూ ఒకే మాట చెల్లడం చూసి పిల్లలు తరగతిలో తికమకపడేవారు. మేకప్ చేసే చేతికి మాత్రం ఆ తికమక లేదు, ఎందుకంటే రెప్ప మీద వారు చేసే పని అంతా ఈ మూడు అర్థాలే: ఒక చోట నీడ, ఒక చోట వెలుగు, అంతటా ఒంటి రంగు. అందుచేత నేను దీనిని 'రెప్పఛాయ' అంటున్నాను. చామనఛాయలోని 'చామ' శ్యామకు తద్భవమన్నది మీకు తెలిసినదే. మన కవులు కన్నులకు కలువలనూ, మీనాలనూ, చకోరాలనూ, లేళ్ళనూ తెచ్చి నిలబెట్టారు గాని రెప్పను పట్టించుకొన్నవారు తక్కువ. రెప్పపాటు అని కాలాన్ని కొలవడానికి వాడుకొన్నారు, అంతే.

ఇక వస్తువు. ఆ డబ్బా వెనుక సన్నని అక్షరాలలో అచ్చువేసిన పదార్థాల పట్టీని భూతద్దం పెట్టి చదివాను. టాల్క్, మైకా, ఐరన్ ఆక్సైడ్లు, టైటానియం డయాక్సైడ్. చదివి చాలాసేపు నవ్వుకొన్నాను. టాల్క్ అంటే బలపపు రాయి. నా జీవితమంతా నా చీర కుచ్చెళ్ళను తెల్లగా చేసిన బలపం! కర్నూలు, అనంతపురం జిల్లాల నేలలో దొరికేదే. మైకా అంటే అభ్రకం, నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతపు గనులు దానికి ప్రసిద్ధి. ఐరన్ ఆక్సైడ్ అంటే మన కావి, అరుగులకు పట్టీలు తీర్చే ఎర్రమన్ను. పసుపుమన్నూ ఆ జాతిదే. అంటే పారిస్ నుంచి దిగిందని మనం అనుకొనే ఈ సామగ్రి పలక, గని, అరుగు. అభ్రకం మెరుపు, కావి రంగు, బలపం మెత్తదనం. నాలుగోది తెలుపు, టైటానియం. ఆ తెలుపు దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

ఆ చిక్కు ఏమిటో నాకు నేర్పినావిడ కృష్ణానగర్‌లో ఉంటారు. పేరు వ్రాయవద్దన్నారు. గుడిలో పరిచయమయ్యారు. నన్ను టీచరమ్మా అంటారు, నేను ఆవిడను అమ్మా అంటాను, మా ఇద్దరికీ పదేళ్ళ తేడా. ఆవిడ సినిమాలలో హెయిర్‌డ్రెస్సర్‌గా పాతికేళ్ళు పనిచేశారు. చేతికి దువ్వెన ఇచ్చారు గాని బ్రష్ ఇవ్వలేదని చెబుతారు. మేకప్ మగవారి పని, జడలు వేయడం ఆడవారి పని, ఈ విభజన మన దేశపు సినిమా రంగంలో చాలాకాలం నడిచింది. బొంబాయి సంఘం ఈ కారణంతోనే సభ్యత్వం నిరాకరిస్తే చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి, ఇంకా కొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆడదాని ముఖం ఎలా ఉండాలో తీర్చే పని ఆడదాని చేతికి రావడానికి స్వాతంత్ర్యం వచ్చాక అరవై ఏడేళ్ళు పట్టిందన్నమాట. మా మిత్రురాలికి ఆ తీర్పు ఆలస్యంగా వచ్చింది. కాని జడ వేస్తూ అద్దంలో చూసి నేర్చుకొన్న విద్య పోదు గదా.

ఆవిడ మా పిల్ల డబ్బా చూసి ఒక్కటే మాట అన్నారు. "ఇందులో సగం సున్నమే టీచరమ్మా!"

అసలు సున్నం కాదు, తెలుపు అని ఆవిడ భావం. లేత రంగు ఏదైనా, గులాబీ గాని నీలం గాని ఆకుపచ్చ గాని, లేతగా కనబడడానికి దానిలో తెల్లపొడి కలుపుతారు. ఆ తెలుపు తెల్లని చర్మం మీద కలిసిపోతుంది. చామన మీద, నలుపు మీద పైకి తేలుతుంది. బూడిద రాసినట్టు, కట్టెలపొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినట్టు కనబడుతుంది. దోషం రంగుకు చర్మం నప్పకపోవడంలో లేదు, చర్మానికి రంగు నప్పకపోవడంలో ఉన్నది. వ్యాకరణంలో కర్త ఏదో కర్మ ఏదో తారుమారైతే వాక్యం అర్థమే మారిపోతుందని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ దుకాణాలవారు చేస్తున్నది సరిగ్గా ఆ పొరపాటే. "ఈ షేడ్ మీకు సూట్ కాదు మేడమ్" అంటారు. మేడమ్ ఆ షేడుకు ఎందుకు సూట్ కావాలి?

సినిమావారి సంగతి వేరు, వారిని నేను తప్పు పట్టడం లేదు. వారు ముఖానికి రంగు వేసేది చూసే మనిషి కోసం కాదు, దీపం కోసం, కెమెరా కోసం. తొలినాళ్ళ ఫిల్ము ఎరుపును నలుపుగా పట్టేది, పెదవికి ఎర్రరంగు వేస్తే తెర మీద మసి పూసినట్టుండేది. తరువాత అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చింది, దానికి మేకప్ మారింది. రంగుల ఫిల్ము వచ్చింది, మళ్ళీ మారింది. మద్రాసు జెమినీ స్టూడియోలో పాన్‌కేక్ అనే మేకప్ సరుకును లారీల లెక్కన వాడేవారని అక్కడ పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాలలో వ్రాశారు. ఆ మేకప్ విభాగంలో బెంగాలీ, మరాఠీ, కన్నడిగుడు, ఆంధ్రుడు, తమిళులు అందరూ కలిసి పనిచేసేవారట. జాతీయ సమైక్యత అంటే అదేనేమో. మన రామారావుగారి ముఖం మీద రాముణ్ణీ కృష్ణుణ్ణీ దించిన పీతాంబరంగారు కూడా మద్రాసు పరిశ్రమలోనివారే. అవన్నీ మహావిద్యలు. అంతమాత్రాన పదింటికి ఆఫీసుకు వెళ్ళే పిల్ల ముఖం మీద అర్క్‌దీపాలకు తగిన రంగు ఎందుకు?

ఇది నేటి డిజిటల్ కెమెరాలతో ఇంకా ఎక్కువైంది. ఆ కెమెరా చర్మం మీది నూగును కూడా పట్టేస్తుంది. అందుకని సినిమావారే పలుచబరిచారు, పెళ్ళిళ్ళవారు మాత్రం దట్టం చేశారు. మా బంధువుల పెళ్ళిలో మనుమరాలికి ఒకామె అలంకారం చేసింది. మూడు గంటలు పట్టింది. ఫొటో చూసి "ఇదెవరు?" అని నేను అడిగినమాట నిజం, హాస్యానికి కాదు. పిల్ల చేతులు పిల్లవే, ముఖం మాత్రం ఇంకెవరిదో.

తెల్లదనం మీది ఈ మోహం పైనుంచి ఎవరో రుద్దినది మాత్రమే అని చెప్పి తప్పించుకోలేను, పండితురాలిని కనుక. అయితే ఒక సంగతి గుర్తు చేయాలి. భరతుడు ఆహార్యాభినయంలో అంగరచన గురించి చెబుతూ తెలుపు, పసుపు, నీలం, ఎరుపు మూలవర్ణాలన్నాడు. తెలుపూ ఎరుపూ కలిస్తే పద్మవర్ణం, పసుపూ నీలమూ కలిస్తే హరితం, నీలమూ ఎరుపూ కలిస్తే కాషాయం. మరి గౌరవర్ణం? ఎరుపూ పసుపూ కలిస్తే వచ్చేది. గౌరాంగి అని మనం పదేపదే అనే మాటలోని రంగులో, ఆ లెక్క ప్రకారం, తెలుపు చుక్క కూడా లేదు! పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో నేను దీనిని గమనించలేదు. గౌరమంటే తెలుపని టిప్పణం చెప్పి ముందుకు పోయేదాన్ని.

'ఫెయిర్ అండ్ లవ్లీ' అని 1975లో బజారులోకి వచ్చిన క్రీము 2020లో తన పేరులోని మొదటిమాటను 'గ్లో' అని మార్చుకొంది. సంతోషమే. పేర్లు మారడం చిన్న విషయమని అనను, పేర్ల మీదనే బ్రతికినదాన్ని. కాని ఇదే కాలంలో ఇంకో విచిత్రం చూస్తున్నాను. 2021లో వచ్చిన 'పుష్ప'లో నాయకుడికీ నాయికకూ ఎండకు కమిలిన ముదురు ఛాయ పూశారు. పాత్రకు అవసరమే కావచ్చు. నలుపు కావాలంటే తెల్లవారికి పూస్తారు, తెలుపు కావాలంటే నల్లవారికి పూస్తారు, చామనఛాయ పిల్లకు చామనఛాయతోనే తెర మీదికి రావడం మాత్రం ఇప్పటికీ అరుదు. కృష్ణానగర్ కూడలిలో తెల్లవారుజామున నిలబడ్డవారిలో ఎందరి ఛాయ అది!

అలంకారమే వద్దు, సహజంగా ఉండండి అనేవారున్నారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. ఇప్పుడు చెబుతున్నాను, ఆ మాటలో పెద్దరికం ఎక్కువ, ఆలోచన తక్కువ. కాటుక సహజమా? మా అమ్మ గుంటగలగరాకు రసంలో తడిపి ఆరబెట్టిన వత్తిని ఆముదంలో వెలిగించి, పైన రాగిపళ్ళెం బోర్లించి, రాత్రంతా పట్టిన మసిని వెన్నలో నూరి మా కళ్ళకు పెట్టేది. అంత శ్రమ చేసి చేసినదాన్ని సహజమంటాం, డబ్బీలో అమ్మితే కృత్రిమమంటాం. పాతదంతా మేలనీ కాదు. పూర్వం భాగవతుల ముఖాలకు పూసే పచ్చని అరదళం ఆర్సెనిక్ కలిసిన ఖనిజం. సుర్మాలో సీసం ఉండేది. ఇప్పటి 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం మన దేశంలో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను రంగు కోసం సౌందర్య సాధనాలలో వాడరాదు. కాబట్టి తయారీదారు పేరూ లైసెన్సు సంఖ్యా లేని రంగు సరుకును కంటి దగ్గరకు రానివ్వకండి. పసిపిల్లల కళ్ళకు ఇంటి కాటుక కూడా వద్దనే వైద్యులంటారు. మా అమ్మ విని ఉంటే ఏమనేదో.

ఇక మా మిత్రురాలూ, నేనూ, మనుమరాలూ కలిసి చేసిన పని. బజారులో అయస్కాంతం అమర్చిన ఖాళీ పెట్టెలు దొరుకుతాయి, పాలెట్ అంటారు. విడిగా రంగుల గిన్నెలు కొని అందులో అతికించుకోవచ్చు. గుండ్రని గిన్నెలు ఎక్కువగా 26 మిల్లీమీటర్ల కొలతలో వస్తాయి. ఇనుప రేకు గిన్నె అయితే అయస్కాంతానికి అంటుకొంటుంది, అల్యూమినియం అయితే అంటదు, అడుగున చిన్న రేకుబిళ్ళ అతికించాలి. మా పిల్ల ఆరు గిన్నెలు పట్టే పెట్టె తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది.

ఎన్నిక దగ్గర మా మిత్రురాలి నియమాలు కఠినం. దుకాణం పసుపు దీపాల కింద ఏ రంగునూ నమ్మకూడదు. చేతి మీద రాసి చూసి కొనకూడదు, ఎందుకంటే రెప్ప చేతికంటే ముదురుగా, కొంచెం ఊదాగా ఉంటుంది. మా పిల్లకు మరీను. నమూనా బుడ్డిలో వేలు ముంచి అందరూ కళ్ళకు రాసుకొనేది కంటికి రాయనే రాయకూడదు. విడి గిన్నె ఒకటి కొని, ఇంటికి తెచ్చి, పొద్దున కిటికీ పక్కన శుభ్రమైన రెప్ప మీద పెట్టి, రెండు గంటలు మరచిపోవాలి. అప్పుడు చూడాలి. హైదరాబాదు వేసవిలో చెమటకూ, ఆఫీసు ఏసీకీ తట్టుకొన్నదా, మడతలో పేరుకొన్నదా, బూడిద తేలిందా? ఇలా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ఆదివారం ఖర్చయింది. మొత్తం ఎన్నిక తేలడానికి రెండు నెలలు పట్టింది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని పరీక్షాధికారిలా కూర్చునేదాన్ని.

మొదటిది రెప్ప రంగుకు దగ్గరగా, ఒక్క పిసరు వెచ్చగా, మెరుపు లేకుండా. దీని పని రెప్పను ఒకే తీరుగా కనబరచడం. దుకాణంవారు దీనికి పెట్టిన పేరు ఏదో ఇటాలియన్ మిఠాయి. బాగా వేగిన అరిసె రంగది. రెండవది అంతకంటే రెండు మెట్లు ముదురు, కన్ను తెరిస్తే గుంటలోకి మడతపడే చోటికి, నీడ కోసం. వక్క రంగు. మూడవది అన్నిటికంటే ముదురు, రెప్పవెంట్రుకల మొదట్లో సన్నని బ్రష్షుతో అద్దడానికి. కాటుకలా కారదు. నల్లనిది కాదు, వేయించి పొట్టు తీయని చింతగింజ. నాలుగవది ఒక్కటే అభ్రకం కలిసిన మెరుపు. రెప్ప నడిమధ్య వేలికొనతో ఒక్క అద్దు. దీని కోసం ముగ్గురం చాలా పోట్లాడుకొన్నాం. బంగారు రంగు పండుగకు తప్ప పనికిరాదని ఆవిడ, వెండి రంగు పిల్లను జ్వరం తగిలినదానిలా చేస్తోందని నేను. చివరకు రాగి. నేను మామిడిచిగురు అంటాను. ఫిబ్రవరిలో కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేటప్పుడు గోడ అవతల ఏ చెట్టు చిగురు చూసినా ఆ మెరుపే.

నలభై రంగుల డబ్బా ఖరీదులో సగం కూడా కాలేదు. పొడిరంగు తెరిచిన తరువాత రెండేళ్ళకు మించి ఉంచకూడదంటారు, డబ్బా వెనుక తెరిచిన మూత బొమ్మలో 24 అని వ్రాసేది అందుకే. రెండేళ్ళలో నలభై గిన్నెలు ఏ కన్ను ఖర్చు చేయగలదు? ముఖంతో బాటు డబ్బును కూడా తెల్లపరచడమే అది.

పేర్ల సంగతి కూడా తేల్చాలి. చీరల కొట్లలో ఇప్పటికీ మన రంగుల పేర్లు బ్రతికి ఉన్నాయి. గచ్చకాయ, ఉల్లిపొర, కనకాంబరం, నేరేడు, మెంతి, వంగపండు, నెమలికంఠం, పాలపిట్ట. ఒక్కొక్కటీ ఒక వస్తువు, ఒక వేళ్ళున్న మాట. లాక్మే అన్న పేరునే చూడండి. టాటాలు 1952లో పెట్టిన సంస్థ అది, ఫ్రెంచి సంగీతరూపకం పేరు, ఆ పేరు లక్ష్మికి ఫ్రెంచివారి ఉచ్చారణ. మన లక్ష్మిని పారిస్ పంపి తిరిగి తెచ్చుకొన్నాం. ఆ చాకచక్యం ఉన్నవాళ్ళం అరిసెనూ చింతగింజనూ డబ్బీ మీద అచ్చువేయలేమా? తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులు మీ ఇళ్ళలో వాడే రంగుల పేర్లు వ్యాఖ్యలలో వ్రాయండి, మెరుపు లేని గోధుమ రంగులకు ముఖ్యంగా. నా దగ్గర కొరతగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ తప్పు.

1992. కృష్ణాజిల్లాలో నేను పనిచేసిన ఒక బడి. వార్షికోత్సవంలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నాట్యం చేసింది. మరునాడు ఉదయం ఆ ముచ్చట తీరక కాబోలు, కనురెప్పల మీద కొంచెం లేతనీలం అద్దుకొని తరగతికి వచ్చింది. నల్లని పిల్ల, చక్కని పిల్ల. నేను హాజరు పిలుస్తూ తల ఎత్తి, "నలుపు మీద నీలం ఎవరికి కనబడుతుందే? పోయి కడుక్కొని రా" అన్నాను. తరగతి అంతా నవ్వింది. పిల్ల బోరింగు దగ్గరకు వెళ్ళి కడుక్కొని, ముంగురులు తడిసి, కళ్ళు ఎర్రబడి వచ్చి కూర్చుంది. ఆనాటి పాఠం నీలమేఘశ్యాముడి వర్ణన. నలుపూ నీలమూ కలిసిన అందాన్ని గురించి పీరియడంతా బహురమ్యంగా వివరించాను. ఆ పిల్ల పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు. అది మొదలు ముందుబెంచీలో కూర్చోలేదు. నేను పిలవనూ లేదు. ఈ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, మావారితో కూడా.

మనుమరాలి పెట్టెలో నాలుగు గిన్నెలు అమరాక ఇంకా రెండు గుంటలు ఖాళీ. నాలుగే చాలని నేను తీర్మానం చేసి ఉన్నాను గదా, పేర్లు చీటీల మీద గుండ్రని చేతివ్రాతలో వ్రాసి గిన్నెల కింద అంటించాను. వారం తిరగకముందే అది అయిదోది తెచ్చి పెట్టింది. ముదురునీలం.

"ఇది దేనికి?" అన్నాను.

"శుక్రవారాలకు."

రెప్పవెంట్రుకల వెంట సన్నగా గీసి, కిటికీ దగ్గరకు వచ్చి కళ్ళు మూసి నిలబడింది, ఆదివారాల అలవాటు చొప్పున. తెలుపు కలవని నీలం కనుక బూడిద తేలలేదు. ఆ చామన రెప్ప మీద ఎంత లోతుగా ఉన్నదంటే నేను కొంతసేపు ఏమీ అనలేకపోయాను. అది కళ్ళు మూసుకొనే, "బాగాలేదా అమ్మమ్మా?" అన్నది.

కనబడుతోందని చెప్పాను. చాలా బాగా కనబడుతోందని చెప్పాను. చీటీ మీద ఏం వ్రాయాలో అడిగితే, పేరు నీవే పెట్టమన్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది. అయిదో గిన్నె కింద చీటీ ఇంకా ఖాళీగానే ఉంది.